కోసుకెళ్లండి... గీయకండి!

ఆదివారం పొద్దున ఏడు గంటలు. ఊళ్లో పేరున్న గులాబీ తోట. ఏ ఊరని అడక్కండి. మీ ఊరే అనుకోండి, పెద్ద తేడా రాదు. మడత కుర్చీ వేసుకుని ఓ మడి ముందు కూర్చున్నాను. ఒళ్లో స్కెచ్ పుస్తకం. పక్కన అరచేతిలో ఇమిడే రంగుల డబ్బా. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా. పెన్సిల్‌తో నాలుగు గీతలు గీశానో లేదో, విజిల్ మోగింది. ఎవడో మొక్క పీకుతున్నాడు కాబోలు, పట్టుకున్నారు, భేష్ అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆ విజిల్ నాకే!

“సార్, ఈడ బొమ్మలు గీసుడు బంద్.”

“ఎందుకన్నా?”

“పర్మిషన్ ఉన్నదా?”

“పువ్వును చూడ్డానికి పర్మిషన్ ఏమిటన్నా?”

“చూస్కో. ఎవలద్దన్నరు? గియ్యద్దంటున్న.”

అర్థమైందా? చూడొచ్చు, గీయకూడదు. అంటే చూసీ చూడనట్టు చూడాలి. పౌరుడి నుంచి సర్కారు కోరుకునేది ఎప్పుడూ అదేగా!

నాకు పదడుగుల దూరంలో ఓ పెద్దమనిషి ఉన్నాడు. తెల్ల బూట్లు, ట్రాక్ ప్యాంటు, నుదుట విభూతి, చేతిలో కవరు. వాకింగుకు వాకింగు, పూజకు పూజ. పుటుక్కు, పుటుక్కు. ఎర్రవి కిందికి, పసుపువి పైకి సర్దుతున్నాడు. “పూలు కోయరాదు” అన్న బోర్డుకు చెయ్యి ఆనించుకుని మరీ పై కొమ్మ వంచుతున్నాడు. అటు విజిల్ మోగదు. పువ్వు ప్రజలది, పుణ్యం ఆయనది. ఎక్కడ కోశావురా అని దేవుడూ అడగడు. అడిగే దేవుడైతే హుండీలు ఎప్పుడో ఎండిపోయేవి.

ఇంకాస్త అవతల ప్రీ వెడ్డింగ్ షూట్. కాబోయే పెళ్లికూతురి గౌనుకు పదిహేను అడుగుల తోక. దాన్ని ఇద్దరు పట్టుకుని గులాబీ మడి మీదుగా ఈడుస్తున్నారు. పైన డ్రోన్ రొద. ఒకడు గులాబీ రంగు పొగ వదులుతున్నాడు. గులాబీ తోటలో గులాబీ రంగు పొగ! కాబోయే పెళ్లికొడుకు మోకాలి మీద కూర్చుని ఓ పువ్వు తెంపి అందించాడు. టేకు బాగా రాలేదట. ఇంకోటి తెంపాడు. అదీ రాలేదట. నాలుగో టేకుకి ఆ మొక్కకు బోడిగుండు. విజిల్ మోగిందా? ఎలా మోగుతుంది? వాళ్ల దగ్గర రసీదుంది.

డబ్బు కట్టి తొక్కితే వినియోగదారుడు. ఊరికే కూర్చుని చూస్తే అనుమానితుడు.

నేనూ మొండివాణ్నే. గేటు దాకా నడిచివెళ్లి నిబంధనల బోర్డు మొత్తం చదివాను. పూలు కోయరాదు. సరే. పచ్చిక మీద నడవరాదు. సరే. కుక్కలు, క్రికెట్, మద్యం, చెత్త నిషేధం. సరే సరే. ప్లాస్టిక్ రహిత ప్రాంతం. ఆ బోర్డుకు ఆనుకునే లోపలి దుకాణంవాడి చిప్స్ ప్యాకెట్ల తోరణం. పెన్సిల్ మాట ఎక్కడా లేదు. కుంచె ఊసే లేదు. తిరిగొచ్చి అదే చెప్పాను. గార్డు నా వైపు జాలిగా చూశాడు.

“బోర్డు మీదున్నయి పబ్లిక్‌కి సార్. బోర్డు మీద లేనియి మాకు చెప్తరు.”

పాలనాశాస్త్రం మీద ఇంత స్పష్టమైన ఉపన్యాసం నేను యూనివర్సిటీలో కూడా వినలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. పన్నెండు గంటల డ్యూటీ. ఏజెన్సీ జీతం, అదీ ఎప్పుడొస్తే అప్పుడు. విజిల్ ఆయన నోట్లో ఉంది కానీ ఊపిరి ఇంకెవరిదో. ఎవరిదో కనుక్కుందామని ఫోన్ చేయమన్నాను. గార్డు సూపర్‌వైజర్‌కి చేశాడు. సూపర్‌వైజర్ ఆఫీసుకి చేశాడు. “లెటర్ పెట్టుకోమను” అని జవాబు. సోమవారం వెళ్లాను. ఒక ఫారం చేతిలో పెట్టారు. సినిమా షూటింగుల ఫారం. వాళ్ల దగ్గర ఉన్నది అదొక్కటే.

యూనిట్ సభ్యులు ఎందరు? ఒకరు. జనరేటర్ వ్యాను? లేదు. క్రేను? లేదు. లైట్లు? సూర్యుడు. ఇతర సామగ్రి? ఉడత వెంట్రుకల కుంచె ఒకటి. ఎంతసేపు? రెండు గంటలు. ఆ గడి దగ్గర గుమాస్తా ఆగాడు. కళ్లద్దాల మీంచి నన్ను ఎగాదిగా చూశాడు.

“రెండు గంటలా? పూల మొక్కల్నా? ఏముంటది సార్ అందులో అంత చూడ్డానికి?”

ఏముంటుందో చెప్తాను. ముందు ఓ పాత కథ.

రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు 1909లో ప్రిన్సిపాల్‌గా ఓ ఇంగ్లిషువాడొచ్చాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే. పదేళ్లున్నాడు. తాను నీటిరంగులు వేసేవాడు. కుర్రాళ్ల చేత వేయించేవాడు. ఉన్నదాన్ని కళ్లారా చూసి గీయండిరా అన్నాడు. అలా చూడ్డం నేర్చుకున్న వాళ్లలో ఒకరు దామెర్ల రామారావు. ఇంకొకరు అడివి బాపిరాజు. దామెర్ల ఆ చూపు పట్టుకుని బొంబాయి జె.జె. స్కూలు దాకా వెళ్లాడు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళకు బడి పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. ఆయన పేరు మీద గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది. మన ఆధునిక చిత్రకళ అంటే మొదట చెప్పుకునే పేరు అదే. ఇప్పుడు చెప్పండి. ఆ కుర్రాడు గోదావరి ఒడ్డున కాగితం విప్పినప్పుడు ఎవడైనా వచ్చి విజిల్ ఊది ఉంటే? లెటర్ పెట్టుకోమని ఉంటే? క్రేను ఉందా అని అడిగి ఉంటే?

పరాయి దొర గీయమన్నాడు. మన దొరలు వద్దంటున్నారు. స్వరాజ్యం వచ్చిందని ఎవరన్నా వాళ్లకు చెప్పారో లేదో!

కూల్డ్రే కాలానికి వందేళ్ల ముందు ఫ్రాన్సులో పియెర్ జోసెఫ్ రెదూతే అని ఒకాయన ఉండేవాడు. మేరీ ఆంత్వానెత్ కొలువులో పూలు గీశాడు. విప్లవం వచ్చింది. రాణి తల తెగింది. ఆయన కుంచె మాత్రం ఆగలేదు. తర్వాత నెపోలియన్ భార్య జోసెఫిన్ దగ్గర చేరి మళ్లీ పూలే గీశాడు. 1817 నుంచి 1824 దాకా ఆయన గులాబీల పుస్తకం భాగాలుగా వెలువడింది. ప్రపంచంలో గులాబీ బొమ్మ అంటే ఇప్పటికీ అదే కొలబద్ద. గిలెటిన్ కూడా వదిలేసిన జాతి మాది. ఏజెన్సీ విజిల్ వదలడం లేదు.

చట్టం ఒప్పుకోదేమో అంటారా? 1957 కాపీరైటు చట్టం తిరగేయండి. 52వ సెక్షన్. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఎవరైనా గీసుకోవచ్చు. కట్టడాన్ని గీసుకోవచ్చు. ఉల్లంఘన కాదు. తోట మధ్యలో ఉన్న నాయకుడి విగ్రహాన్ని నేను నిక్షేపంగా గీయొచ్చన్నమాట. ఆయన పాదాల దగ్గరున్న గులాబీకే పర్మిషన్ కావాలి. గులాబీని గీసుకోవచ్చని విడిగా రాయాలని 1957లో ఎవరికీ తట్టలేదు. పాపం అమాయకులు, ఇలాంటి రోజొకటి వస్తుందని ఊహించి ఉండరు.

ఇక్కడో విచిత్రం. బొమ్మలంటే మన ఊరికి గిట్టదా? భలేవారే! ఫ్లైవోవర్ స్తంభాలు చూడండి. మూత్రశాలల గోడలు చూడండి. ఎక్కడ చూసినా గులాబీలే. చదరపు అడుగుకింత అని టెండరు. ఆ టెండరు దక్కిందెవరికి? అడక్కండి, పొద్దున్నే ఎందుకు గొడవ. తోటకు వచ్చే దారిలో ఓ స్తంభం మీద నీలం గులాబీలు వేయించారు. నీలం! గులాబీలో నీలాన్ని పుట్టించే పదార్థమే సహజంగా లేదు. ఎరుపుంది, పసుపుంది, తెలుపుంది, ఊదా ఛాయ ఉంది. నీలం లేదు. వేసినవాణ్ని అనకండి. వాడికి ఫోన్లో బొమ్మ పంపి, రాత్రికి రాత్రి ముగించెయ్ అన్నారు. పక్కనే తోటుంది కదా, వెళ్లి చూసి గీద్దామనుకున్నాడే అనుకోండి. విజిల్!

బొమ్మ బిల్లు మీదుంటే సుందరీకరణ. ఒళ్లో ఉంటే ఆక్రమణ.

పిల్లల పోటీల సంగతి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ఓసారి జనవరి 26న చిత్రలేఖనం పోటీకి నన్ను జడ్జీగా పిలిచారు. అంశం: ప్రకృతి, పచ్చదనం. వేదిక: ఏసీ ఫంక్షన్ హాలు. కిటికీలకు పరదాలు. ప్రకృతి ఆనవాళ్లు లోపలికి రాకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. పిల్లలకిచ్చింది జిరాక్సు కాగితం. నీటిరంగు పడగానే అది వేగిన అప్పడంలా లేచింది. గుప్పెడు పిల్లలు ఏడ్చారు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఆయనకు బెంగళూరు గులాబీల బొకే ఇచ్చారు, ప్లాస్టిక్ చుట్టి. “పిల్లలు ప్రకృతి ఒడిలో ఎదగాలి” అని ఆయన ఏసీ ఒడిలోంచి సెలవిచ్చారు. సర్టిఫికెట్ మీద “చిత్రలేఖనం” బదులు “చిత్రలేఖణం” అని అచ్చయింది. అది జడ్జీగా నేను దిద్దబోతే, “పర్లేదు సార్, ఎవరు చూస్తారు?” అన్నారు.

అదే. ఎవరు చూస్తారు? మన వ్యవస్థ మొత్తం ఆ రెండు మాటల మీదే నిలబడి ఉంది.

తోటలకు పేర్లు పెట్టుకోవడంలో మాత్రం మనకు ఎదురులేదు. చండీగఢ్‌లో 1967లో గులాబీ తోట పెట్టారు, దగ్గరదగ్గర 30 ఎకరాలు. ఏటా ఫిబ్రవరిలో ఉత్సవం జరుగుతుంది. దానికి పెట్టిన పేరు ఆ ఏడే రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్‌ది. మన హైదరాబాదులో పుట్టినాయన. గులాబీలంటే ప్రాణం. ఇంకో సంగతి చాలామందికి గుర్తుండదు. 1937లో వార్ధా విద్యా పథకం కమిటీకి అధ్యక్షుడు ఆయనే. పిల్లవాడు చేత్తో పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆ పథకం సారం. పేరు తీసుకున్నాం, పువ్వు తీసుకున్నాం. చెయ్యిని మాత్రం ఫోన్‌కు అప్పగించాం. బళ్లలో డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకరిని చూశారా ఈమధ్య?

సరే, గుమాస్తా ప్రశ్నకు వద్దాం. రెండు గంటలు ఏముంటుంది?

నీటిరంగుకు తొందర పనికిరాదు. మొదటి పూత వేశాక అది ఆరాలి. ఆరకుండా రెండోది వేశారో, మొత్తం బురద. ఆరేదాకా చేతికి పనుండదు. కళ్లకే పని. పనిలేని కళ్లు ఏం చేస్తాయి? లెక్కపెడతాయి.

నా ముందున్న మడిలో పన్నెండు పేర్ల బోర్డులున్నాయి. మొక్కలు ఐదు. గోధుమ శాస్త్రవేత్త బి.పి. పాల్ తీరిక వేళల్లో గులాబీలను సంకరపరిచి కొత్త రకాలు సృష్టించాడు. ఆయన పెంచిన ‘ఢిల్లీ ప్రిన్సెస్’కు బోర్డు ఉంది. మొక్క లేదు. రాకుమారి ఢిల్లీకే వెళ్లిపోయినట్టుంది. ఆయనదే ‘బంజారన్’. అదీ లేదు. పేరుకు తగ్గట్టు ఎటో వలసపోయింది. ‘క్వీన్ ఎలిజబెత్’ బోర్డు దగ్గర మాత్రం మొక్క దిట్టంగా ఉంది. దగ్గరికెళ్లి చూశాను. రాణిగారు ఎప్పుడో పోయారు. మంచి గులాబీని మొండిజాతి వేరు మీద అంటు కడతారు కదా. అంటు ఎండిపోయింది, కింది నుంచి ముళ్ల పిలకలు లేచి సింహాసనం ఎక్కాయి. వేళకు పిలకలు తుంచేవాడు లేడు. బోర్డు మీద ఒక పేరు, మొక్క ఇంకోటి. ఎక్కడో చూసినట్టుందా? ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకున్న మన ప్రజాప్రతినిధుల్ని తలుచుకోండి, అంటు రహస్యం అర్థమైపోతుంది.

ఆకుల నిండా నల్లమచ్చ తెగులు. డ్రిప్ పైపు మూడుచోట్ల తెగి, నీళ్లు కాలిబాట మీద టైల్స్‌ను తడుపుతున్నాయి. టైల్స్ మాత్రం పచ్చగా, నాచు పట్టి, ఏపుగా ఎదిగాయి. ఇవన్నీ పరుగెత్తేవాడికి కనపడవు. సెల్ఫీకి కనపడవు, సెల్ఫీలో ముఖమే ఉంటుంది. డ్రోన్‌కు అసలే కనపడవు. రెండు గంటలు ఒకేచోట కూర్చున్నవాడికే కనపడతాయి.

నీటిరంగుల్లో ఇంకో తిరకాసుంది. తెలుపు రంగు వేయం. కాగితమే తెలుపు. ఏమీ లేనిచోట ఏమీ వేయకుండా వదిలేయడమే పద్ధతి. లేనిచోట మేం ఖాళీ వదులుతాం. లేనిచోట వాళ్లు బిల్లు పెడతారు. పడుతుందా మాకూ వాళ్లకూ?

విజిల్ మోగినా నేను లేవలేదు. గార్డు నా వెనకాలే నిలబడి బొమ్మ చూస్తున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు: “సార్, ఆ బోర్డులెందుకు గీసినవ్? బోర్డులు తీసెయ్. చెట్లు గియ్యి.”

“లేవు కదన్నా.”

“ఆఫీసు మేడం జూస్తే నా మీదికొస్తది సార్.”

చూశారా? భయం పువ్వు పోతుందని కాదు. పువ్వులు ఎప్పుడో పోయాయి. భయమల్లా అది కాగితం మీదికి ఎక్కుతుందని. ఫైల్లో పన్నెండు, బొమ్మలో ఐదు. ఆ తేడా తీసేస్తే వచ్చేది ఎవరి ఇంటి మూడో అంతస్తు?

గులాబీకి ఒక క్యాలెండరుంది. అక్టోబరులో కొమ్మలు కత్తిరించాలి. నెలన్నరకు పూత మొదలు, చలికాలమంతా పండగ. మన తోటకు ఆ క్యాలెండరు వర్తించదు. ఇక్కడ పూత ప్రోటోకాల్‌ను బట్టి. పెద్దాయన ఎవరైనా వస్తున్నాడంటే ముందురాత్రి లారీ దిగుతుంది. నర్సరీ నుంచి విరగబూసిన కుండీలు. వాటిని కుండీలతో సహా మడిలో పూడ్చి మట్టి కప్పుతారు. తెల్లారేసరికి నందనవనం! పెద్దాయన వస్తాడు. పువ్వును వేళ్లతో నిమురుతున్నట్టు ఫొటో. మర్నాడు కుండీలు మళ్లీ లారీ ఎక్కుతాయి. ఉద్యోగులనే డెప్యుటేషన్ మీద పంపుతారనుకున్నాను. పూలకూ ఉందని అప్పుడే తెలిసింది. ఆ రోజు చిత్రకారులను కూడా పిలుస్తారండోయ్! ఒక్కొక్కరికీ ఒక టోపీ, ఒక ఈజిల్. వరసగా నిలబెట్టి “లైవ్ పెయింటింగ్” అంటారు. ఆ పూట పర్మిషన్ అక్కర్లేదు. మేమూ కుండీలమే కదా.

మాలో పత్తిత్తులెవరూ లేరు, ఆ ముక్క కూడా చెప్పేస్తాను. పది నిమిషాలు గీసి గంటసేపు రీలు తీసుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు. కుంచె కడిగిన నీళ్లు మొక్క మొదట్లో పారబోసేవాళ్లున్నారు. కాడ్మియం ఎరువు కాదు నాయనా, విషం. సీసాలో పట్టుకెళ్లు. ఉన్న ఒక్క బెంచీ మీద రంగులు పరిచి ముసలాళ్లను నిలబెట్టే మహానుభావులూ ఉన్నారు. వీళ్లకు విజిల్ ఊదండి, నేనూ చప్పట్లు కొడతాను. నియమం పెట్టండి. బోర్డు మీద రాయండి. దారికి అడ్డం వద్దు, రంగునీళ్లు నేల మీద వద్దు, పువ్వు ముట్టుకోవద్దు. మూడు లైన్లు. దానికి క్రేను ఫారం ఎందుకు?

హామీలిచ్చారు లెండి. నా లెటర్ “పరిశీలనలో ఉంది” అన్నారు. తోటలో “కళాకారుల మూల” కడతామన్నారు. కడతారట! గీయడానికి మూల కట్టడమెందుకయ్యా, వదిలేస్తే చాలదూ? నా డబ్బాలో ఎలిజరిన్ క్రిమ్సన్ అని ఓ ఎరుపుంది. వేసిన రోజు ముదురు గులాబీలా నిగనిగలాడుతుంది. నాలుగు ఎండలు తగిలితే వెలిసిపోతుంది. మేనిఫెస్టోల అచ్చుకు ఇదే వాడతారని నా అనుమానం.

ఆ బొమ్మ పూర్తిచేశాను. బోర్డులు తీసేయలేదు. పన్నెండూ ఉన్నాయి. మొక్కలు ఐదు. మిగతా అంతా కాగితం తెలుపు.

వచ్చే ఆదివారం మీరూ మీ ఊరి పార్కుకు వెళ్లండి. బొమ్మలు రావని సంకోచించకండి, లెక్కపెట్టడం వస్తే చాలు. ఓ పెన్సిల్, ఓ నోట్‌బుక్. రంగులుంటే మంచిదే. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, విజిల్ మోగితే లేవకండి. నీళ్లు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి. మా తోటలో కుళాయి ఉంది. దాని మీద శిలాఫలకం ఉంది. ఫలకం మీద తొమ్మిది పేర్లున్నాయి. నీళ్లు ఇంకా రాలేదు.